న్యూరాన్ (నాడీకణం) బొమ్మ గీయడం, రకాలు గుర్తుపట్టడం ఎలా

ముందు మధ్యలో కణదేహం గీయండి, గుండ్రంగా కాకుండా కొంచెం మూలలు మూలలుగా, లోపల కేంద్రకం, చుట్టూ చుక్కలు చుక్కలుగా నిస్సల్ కణికలు (ప్రోటీన్లు తయారయ్యే చోట్లు). దాన్నుంచి కొమ్మల్లా చీలుతూ వెళ్లే పొట్టి డెండ్రైట్లు గీయండి, సిగ్నల్ లోపలికి వచ్చేది ఎక్కువగా వీటి మీదుగానే. ఇక ఒకే ఒక్క పొడుగు తోక, అదే ఆక్సాన్, వెన్నుపాము నుంచి కాలి దాకా వెళ్లేదైతే దాదాపు 1 మీటరు కూడా ఉంటుంది.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే, ఆక్సాన్ మొదలయ్యే చోట కూడా నిస్సల్ చుక్కలు పెట్టేస్తారు, అక్కడ గానీ ఆక్సాన్ లోపల గానీ అవి ఉండవు. ఆక్సాన్ చుట్టూ ఉండే కొవ్వు పొర, అంటే మయలిన్ తొడుగు గీసేటప్పుడు కూడా ఏకంగా లాగేయకండి, ముక్కలు ముక్కలుగా గీసి మధ్యలో సన్నని ఖాళీలు వదలాలి, అవే రాన్వియర్ కణుపులు, సిగ్నల్ ఒక కణుపు నుంచి ఇంకో కణుపుకి గెంతుతూ పోతుంది కాబట్టే అంత స్పీడు, కొన్నిట్లో సెకనుకి 100 మీటర్లు దాటుతుంది.

రకాలంటే సింపుల్, కణదేహం నుంచి ఎన్ని పోగులు బయల్దేరాయో లెక్కపెట్టండి చాలు. చాలా ఉంటే బహుధ్రువ, కండరాల్ని కదిలించేవి ఇవే. రెండుంటే ద్విధ్రువ, కంటి రెటీనాలో దొరుకుతాయి. ఒక్కటే బయటికొచ్చి రెండుగా చీలితే మిథ్యా ఏకధ్రువ, స్పర్శ, నొప్పి కబుర్లు వెన్నుపాముకి మోసేవి ఇవి.