పాత ట్రైలర్‌లో చీరల కొట్టు: నీళ్లు కారడం ఎలా ఆపానంటే

డాలస్‌లో చీరలు అమ్మడానికి 1960ల నాటి చిన్న ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే బండి) కొన్నాను. పైన అల్యూమినియం రేకు, లోపల చెక్క ఫ్రేము. మొదటి వానకే వెనక కిటికీ కింద ప్లైవుడ్ ఉబ్బింది. వేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి దిగిపోయింది. మంగళగిరి చీరలు పెట్టాల్సిన చోటు అది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు నేనూ అందరిలాగే కిటికీ అంచులకు పైపైన సిలికాన్ జిగురు పూశాను. లాభం లేదు. కిటికీ ఫ్రేము వెనకున్న పాత పుట్టీ ఎండి పగిలిపోయింది, నీళ్లు అక్కడి నుంచే దిగుతున్నాయి. చివరికి కిటికీ మొత్తం ఊడదీసి, పుట్టీ, సిలికాన్ గీకేసి, కుళ్లిన చెక్క కోసి కొత్తది వేశాను. కిటికీ ఫ్రేము చుట్టూ బ్యూటైల్ టేపు (జిగటగా, మెత్తగా ఉండే రబ్బరు టేపు) అంటించి స్క్రూలు బిగిస్తుంటే అంచుల్లోంచి నల్లటి జిగురు ఉబికి వచ్చింది. అలా ఉబికితేనే సందు పూడినట్టు. గంటసేపు పైపుతో నీళ్లు కొట్టి చూశాను, లోపల చుక్క లేదు.

అన్నట్టు, బరువంతా వెనక పెట్టకండి, హైవే మీద ట్రైలర్ ఊగిపోతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కెం) మీద పడాలి. పట్టుచీరల బీరువాను నేను ఇరుసుకు కాస్త ముందుకు జరిపాను.