బెట్టలోనూ పండే వరి రకాన్ని ఎంచుకోవడం ఎలా?

బెట్టకు, అంటే నీటి ఎద్దడికి, పచ్చగా నిలబడ్డ పైరంతా గింజ ఇస్తుందనుకోకూడదు. ఆకు పచ్చగానే ఉంటుంది, వెన్ను (గింజల కంకి) మాత్రం పొట్టలోంచి సగమే బయటికొచ్చి తాలుపోతుంది. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా వేరు పొడవు, ఆకు చుట్టుకోవడం వంటి లక్షణాలు చూసే రకాలను ఏరారు. బెట్టలో వచ్చే దిగుబడి మరీ నిలకడ లేనిదని, దాన్ని బట్టి ఎంచుకోలేమని అనుకునేవారు. పరీక్ష సరిగ్గా పెడితే గింజ బరువునే నేరుగా నమ్మవచ్చని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రయోగాల్లో తేలింది. భారత్‌లో 2010లో విడుదలైన సహభాగి ధాన్ ఆ దారిలో వచ్చిన రకమే. ఆ రకం పుట్టిన సంకరం నుంచే వచ్చిన వంగడాలు నేపాల్, బంగ్లాదేశ్‌లలోనూ విడుదలయ్యాయి.

పద్ధతి ఒక్కటే: అవే రకాలను నీరున్న మడిలోనూ, ఎండగట్టిన మడిలోనూ వేసి, రెండు చోట్లా గింజ తూచాలి.

1. ఏ బెట్టకో ముందు తేల్చుకోండి

పిలకల దశలో ఎండిన పైరు వాన పడితే చాలావరకు కోలుకుంటుంది. చిరుపొట్ట (కాండం లోపల వెన్ను మొలకెత్తే దశ) నుంచి పూత అయ్యేదాకా ఎండితే ఆ అవకాశం ఉండదు. వెన్ను బయటపడటానికి సుమారు పది పన్నెండు రోజుల ముందు పుప్పొడి రూపుదిద్దుకుంటుంది. అప్పుడు నీరు చాలకపోతే పుప్పొడి చెడి గింజ కట్టదు. పూత సమయంలో ఎండితే వెన్ను పైకి రాదు. అందుకే పరీక్షలో బెట్ట ఈ దశకే తగలాలి. వానలు ఏటా ముందే ఆగిపోయే చోట స్వల్పకాలిక రకంతో బెట్టను తప్పించుకోవచ్చు. అది మంచి ఉపాయమే కానీ, అలా తప్పించుకున్న రకానికి తట్టుకునే శక్తి ఉందని అర్థం కాదు.

2. పంటకాలం ఒకటే ఉన్నవాటిని జతచేయండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. 100 రోజుల రకాన్నీ 135 రోజుల రకాన్నీ ఒకే మడిలో వేసి నీరు ఆపితే, మొదటిది నేల ఎండకముందే పూత ముగించి గెలిచినట్టు కనిపిస్తుంది. ఒక గుంపులోని రకాల పూత తేదీల మధ్య తేడా వారం పది రోజులకు మించకూడదు. తప్పనిసరైతే దీర్ఘకాలిక రకాల నారు ముందుగా పోసి, పూతలు ఒకేసారి వచ్చేలా చూడండి. ప్రతి గుంపులో బెట్టకు తట్టుకోలేదని తెలిసిన ఐఆర్ 64 వంటి రకం ఒకటి, నిలబడుతుందని పేరున్న రకం ఒకటి పోలిక కోసం ఉంచండి.

3. మడి, నాట్లు

ఎండగట్టే మడి మెరకలో ఉండాలి. పక్క మడి నుంచి ఊట వస్తే గట్టు వెంబడి ఉన్న రకాలు పచ్చగా ఉండి మోసం చేస్తాయి. రెండు మడుల మధ్య లోతైన కాలువ తీయండి, గట్టు లోపల మందపాటి ప్లాస్టిక్ షీటు దించండి. మడి చదును కూడా అంతే ముఖ్యం. పల్లపు మూలలో పడ్డ రకం తన గుణంతో కాక నేల పుణ్యాన పండుతుంది.

ప్రతి రకాన్నీ రెండు మడుల్లోనూ మూడేసి చోట్ల, చీటీలు తీసి వచ్చిన వరసలో నాటండి. ఒక్కో చోట 5 మీటర్ల పొడవున 6 సాళ్లు, సాళ్ల మధ్య 20 సెం.మీ., కుదుళ్ల మధ్య 15 సెం.మీ. చాలు. పైపాటు (నాటాక పైన చల్లే) నత్రజనిని నీరు తీసేయకముందే వేసేయాలి, పొడినేలలో పైరు దాన్ని అందుకోలేదు. నీరు తీశాక కలుపు విరగబడుతుంది. ఉన్న కాస్త తేమనూ అదే తాగేస్తుంది కాబట్టి వెంటవెంటనే తీయించండి.

4. నీరు ఆపడం

110–120 రోజుల రకాలకు నాటిన 30 రోజులకు నీరు పూర్తిగా తీసేయండి. చిరుపొట్ట వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుంది, ఎందుకంటే నేల ఎండడానికి వారాలు పడుతుంది. 30 సెం.మీ. లోతున టెన్షియోమీటరు (నేల ఎంత ఎండిందో చూపే పరికరం) పెట్టి, అది మైనస్ 70 కిలోపాస్కల్ దగ్గరికి చేరిందా చూడండి. రంధ్రాలు చేసిన పీవీసీ గొట్టాన్ని మీటరుకు పైగా లోతు దించితే అడుగు నీటిమట్టం ఎంత దిగిందో తెలుస్తుంది. గొట్టంలో మీటరు లోతు లోపే నీరు కనిపిస్తుంటే పైన నేల పగిలినా వేర్లకు నీరు అందుతున్నట్టే.

మధ్యాహ్నం ఆకు చుట్టుకోవడం మామూలే. ఉదయం కూడా విప్పుకోకుండా, చాలా రకాల్లో ఆకు కొనలు ఎండుతుంటే ఒక్క తడి ఇచ్చి, 24 గంటల్లో నీరు తీసేసి మళ్లీ ఎండగట్టండి. పైరు చచ్చిపోతే ఏ రకం మేలో తెలియదు. ఆ రోజుల్లో వాన పడితే ఆ పంట ఫలితాన్ని బెట్ట ఫలితంగా లెక్కవేయకండి.

5. రాసుకోవాల్సినవి

రెండు మడుల్లోనూ సగం కుదుళ్లు పూతకొచ్చిన తేదీ రాయండి. తట్టుకోలేని రకం ఎండిన మడిలో బాగా ఆలస్యంగా పూస్తుంది. ఆలస్యం ఎంత పెరిగితే దిగుబడి అంత పడిపోతుందనుకోవచ్చు. ఒక్కో చోట కొన్ని వెన్నులు కోసి నిండు గింజలు, తాలు వేరుచేసి లెక్కపెట్టండి.

6. కోత, తూకం

ఏ రకం పండితే దాన్ని అప్పుడు కోయండి. గట్టు పక్క సాళ్లకు వెలుతురు, చోటు ఎక్కువ కాబట్టి రెండు చివరి సాళ్లనూ, ప్రతి సాలులో మొదటి, చివరి కుదుళ్లనూ వదిలేయండి. మిగిలేది 3.76 చదరపు మీటర్లు. తాలు తూర్పారబట్టి తూచి, బరువును 14 శాతం తేమకు సరిచేయండి: 100 లోంచి తేమ శాతం తీసేసి, బరువుతో గుణించి, 86తో భాగించాలి. 18 శాతం తేమతో 1.9 కిలోలు తూగితే అసలు లెక్క 1.81 కిలోలు, అంటే హెక్టారుకు సుమారు 4.8 టన్నులు.

7. ఏది మేలు?

ముందు బెట్ట ఎంత తగిలిందో చూడండి. అన్ని రకాల సగటు నీరున్న మడిలో 5 టన్నులు, ఎండిన మడిలో 2 టన్నులు అనుకుంటే నష్టం 60 శాతం, పరీక్షకు సరిపోయే బెట్ట. నష్టం 30 శాతం లోపు ఉంటే రకాల మధ్య తేడా సరిగా బయటపడదు.

తర్వాత ఒక్కో రకం. శాతాలు ఇక్కడ దారి తప్పిస్తాయి. ఒక రకం 6 టన్నుల నుంచి 2.4కు, ఇంకోటి 3 టన్నుల నుంచి 1.8కు పడిందనుకోండి. నష్టం మొదటిదానికి 60 శాతం, రెండోదానికి 40 శాతమే. అయినా ఎండిన మడిలోనూ ఎక్కువ ధాన్యం ఇచ్చింది మొదటిదే, వాన బాగున్న ఏడు రెట్టింపు ఇచ్చేదీ అదే. అందుకే రెండు దిగుబడులను గుణించి వర్గమూలం తీయండి: మొదటిదానికి 3.8, రెండోదానికి 2.3. ఈ అంకె ఎక్కువగా ఉండి, ఎండిన మడిలో పోలిక రకాలను దాటినవాటినే ఉంచుకోండి.

ఒక్క పంటతో నిర్ణయించకుండా, మిగిలిన మూడు నాలుగు రకాలను మరో రెండు పంటలు, వేర్వేరు నేలల్లో ఇలాగే వేయండి. బెట్టపడ్డ పైరుకు అగ్గితెగులు ఎక్కువగా వస్తుంది, దానికి లొంగే రకాన్ని ఈ దశలోనే తీసేయండి. విత్తనం పెంచే ముందు కాస్త ధాన్యం మర ఆడించి నూక ఎంత పోతోందో చూసి, అన్నం వండి తినిచూడండి. తినేవాళ్లకు నచ్చని రకాన్ని ఎవరూ రెండో ఏడు వేయరు.