కొత్త దేశంలో చెత్త డబ్బాలు: రంగును నమ్ముకోకండి

ఇల్లు దొరికింది, బ్యాంకు ఖాతా తెరిచారు, సిమ్ కార్డు వచ్చింది. ఇక తర్వాతి టెన్షన్ చాలామందికి వంటింటి చెత్త దగ్గరే మొదలవుతుంది. భవనం వెనక నాలుగు రంగుల డబ్బాలు, వాటి మీద ఇంకా పూర్తిగా రాని భాషలో స్టిక్కర్లు, పక్కింటివాళ్లు కిటికీలోంచి చూస్తున్నారేమో అనే అనుమానం. అందుకే మొదట చెప్పాల్సిన మాట ఇది: వేరే నగరంలో ఉంటున్న స్నేహితులు చెప్పిన పద్ధతి మీ నగరానికి పనికిరాకపోవచ్చు. చెత్త విషయంలో ఏ ఊరి లెక్క ఆ ఊరిదే.

నీలం డబ్బానే చూడండి. జర్మనీలో చాలాచోట్ల అది కాగితానికీ అట్టపెట్టెలకే. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాగితంతో పాటు గాజు సీసాలు, రేకు డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలు కూడా అందులోనే వేస్తారు. పసుపు రంగు ఇంకా చిక్కు. ఆస్ట్రేలియాలో పసుపు మూత అంటే రీసైక్లింగ్‌కు వెళ్లేవన్నీ కలిపి వేసే డబ్బా. జర్మనీలో పసుపు డబ్బా, పసుపు సంచి ప్యాకింగ్‌కు మాత్రమే. విరిగిన బొమ్మ అచ్చంగా ప్లాస్టిక్కే అయినా ప్యాకింగ్ కాదు కాబట్టి చాలా ఊళ్లలో దాన్ని అందులో వేయకూడదు. బ్రిటన్‌లో కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) మారితే డబ్బా రంగూ మారిపోతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో కొన్ని కౌన్సిళ్లు గాజుకు ప్రత్యేకంగా ఊదా మూత డబ్బా తెచ్చాయి.

కాబట్టి వచ్చిన వారంలోనే నగరపాలక సంస్థ వెబ్‌సైటులో మీ అడ్రసు కొట్టి చెత్త సేకరణ క్యాలెండర్ దించుకోండి. చాలా నగరాలు వస్తువు పేరు కొడితే ఏ డబ్బాలో వేయాలో చెప్పే వెతుకులాట పేజీ కూడా పెట్టాయి. టొరంటోలో దాన్ని వేస్ట్ విజర్డ్ అంటారు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే బిల్డింగ్ మేనేజర్‌నో, భవనం బాగోగులు చూసే మనిషినో (జర్మనీలో హౌస్‌మైస్టర్) అడగండి. ఇలాంటివి అడిగితే చులకనగా చూస్తారేమోనని మొహమాటపడకండి. తప్పు డబ్బాలో వేసేవాళ్ల కంటే అడిగేవాళ్లంటేనే వాళ్లకు ఇష్టం.

తడిచెత్త ఎక్కడికి పోతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే

నియమాల జాబితాను బట్టీ పట్టడం వృథా శ్రమ. మీ డబ్బాలోని తడిచెత్త చివరికి ఎక్కడికి చేరుతుందో తెలుసుకుంటే చాలా నియమాలు వాటంతటవే అర్థమవుతాయి.

మామూలు చెత్తతో కలిసి గుట్టల కింద పూడిపోతే ఆహార వ్యర్థాలు గాలి ఆడక కుళ్లి మీథేన్ వాయువును వదులుతాయి. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు బలమైనది. అందుకే ప్రభుత్వాలు దీన్ని ఇష్టాయిష్టాలకు వదలడం మానేశాయి. శాన్‌ఫ్రాన్సిస్కో 2009లోనే చెత్త వేరుచేయడాన్ని తప్పనిసరి చేసింది. జర్మనీలో 2015 నుంచి తడిచెత్తను విడిగా సేకరించాలి. ఐరోపా యూనియన్ తన సభ్యదేశాలన్నింటికీ 2023 చివరిదాకా గడువు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో ఇళ్లనుంచి ఆహార వ్యర్థాలను వారం వారం విడిగా తీసుకెళ్లడానికి చాలా కౌన్సిళ్లకు పెట్టిన గడువు 2026 మార్చి 31.

ఇలా విడిగా పోయిన చెత్తకు ముఖ్యంగా మూడు దారులు. కొన్ని ఊళ్లలో ఎరువు చేస్తారు. కొన్నిచోట్ల గాలి చొరబడని పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టి గ్యాస్ తీస్తారు. బెర్లిన్‌లో కొన్ని చెత్త లారీలు అలా తీసిన గ్యాస్‌తోనే తిరుగుతాయి. మూడోది పశువుల దాణా. దక్షిణ కొరియాలో ఆహార వ్యర్థాల్లో కొంత దాణాగా మారుతుంది. అందుకే అక్కడ ఎముకలు, గుడ్డు పెంకులు, నత్త గుల్లలు, ఉల్లి, వెల్లుల్లి పొట్టు తడిచెత్తలోకి రావు. పశువు తినలేనిది మామూలు చెత్తలోకే. అదే ఎరువు చేసే ఊళ్లో గుడ్డు పెంకులకు ఏ అడ్డూ ఉండదు.

టొరంటో సంగతి చూస్తే ఇంకా విచిత్రంగా ఉంటుంది. అక్కడ తడిచెత్త వేసే గ్రీన్ బిన్‌లో పసిపిల్లల డైపర్లు, పెంపుడు జంతువుల మలం కూడా వేయొచ్చు, చెత్తను మామూలు ప్లాస్టిక్ సంచిలో కట్టి మరీ వేయొచ్చు. ప్లాంటులో ముందుగా నీటితో చిలికి ప్లాస్టిక్‌ను విడదీసే యంత్రాలు ఉండటమే కారణం. ఇదే పని జర్మనీలో చేస్తే డబ్బా మీద ఎర్ర స్టిక్కర్ అంటించి, ఖాళీ చేయకుండా వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. టొరంటోలో రకూన్లు అనే చిన్న అడవి జంతువులు మూతలు తీసి విందు చేసుకుంటున్నాయని 2016లో గడియ ఉన్న కొత్త డబ్బాలు పంచారు. అక్కడ ఉండేవారు ఆ గడియ వేయడం మాత్రం మరచిపోవద్దు.

సంచుల గోల

కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది సంచుల దగ్గరే. బయోడిగ్రేడబుల్ (సహజంగా కరిగిపోయేది) అని రాసి ఉంటే సరిపోతుందనుకుంటారు, సరిపోదు. ఆ మాటకు ఇంత కాలంలో, ఈ పరిస్థితుల్లో కరగాలన్న హద్దేమీ లేదు. కంపోస్టబుల్ (ఎరువుగా మారేది) అన్నదానికి పరీక్షలున్నాయి: ఐరోపాలో ఈఎన్ 13432, అమెరికాలో ఏఎస్‌టీఎమ్ డీ6400. ఆ ముద్ర ఉన్నా సరే, మీ నగరం ఒప్పుకుంటుందో లేదో చూడండి. జర్మనీలో చాలా నగరాలు ఈ సంచులను కూడా వద్దంటాయి. ప్లాంటులో చెత్త ఉండే కొద్ది వారాల్లో సంచి పూర్తిగా కరగదు, పైగా ఏరేవారికి అది ప్లాస్టికో కాదో తేడా తెలియదు. దాదాపు ఎక్కడున్నా ఇబ్బంది పెట్టనిది పాత వార్తాపత్రికే. చిన్న డబ్బా అడుగున రెండు కాగితాలు పరిచి, పైన చెత్త వేసి, మొత్తం మడిచి పారేయొచ్చు. దాణా చేసే ఊళ్లో మాత్రం కాగితం కూడా వద్దు.

వాసన, పురుగులు రావడానికి అసలు కారణం నీరు. తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి వేసేముందు నీళ్లు పిండేయండి. మాంసం, చేపల వ్యర్థాలుంటే లారీ వచ్చే రోజుదాకా ఫ్రీజర్‌లో పెట్టడం మంచిది. వినడానికి ఒకలా ఉన్నా ఎండాకాలంలో ఇంతకంటే మంచి ఉపాయం లేదు. చలి దేశాల్లో దీనికి తలకిందులు: తడి చెత్త డబ్బా అడుగున గడ్డకట్టి అతుక్కుపోతుంది, లారీ ఎత్తి దులిపినా పడదు. దానికీ మందు కాగితమే.

రీసైక్లింగ్ డబ్బాలో ఆశకు చోటు లేదు

పనికొస్తుందేమోలే అని అనుమానంగా ఉన్నదాన్ని రీసైక్లింగ్‌లో వేయడం మంచి పని అనిపిస్తుంది. నిజానికి అదే ఎక్కువ నష్టం చేస్తుంది. ఒక సీసాలోంచి కారిన నూనె చుట్టూ ఉన్న కాగితాన్నంతా పాడుచేస్తుంది. అనుమానం తీరకపోతే మామూలు చెత్తలో వేయండి.

ప్లాస్టిక్ అడుగున త్రిభుజంలో ఉండే 1 నుంచి 7 దాకా అంకెలు చూసి చాలామంది పొరబడతారు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చిన ఆ గుర్తు ఏ రకం ప్లాస్టిక్‌తో చేశారో చెబుతుందంతే. రీసైకిల్ అవుతుందన్న హామీ కాదు. 1, 2 అంకెలున్న సీసాలను ఎక్కువ నగరాలు తీసుకుంటాయి, మిగతావి ఊరిని బట్టి.

డబ్బాలు, సీసాలు ఒకసారి నీళ్లతో కడిగి వేస్తే చాలు, సబ్బుతో తోమక్కర్లేదు. అయితే నగరమే ఇచ్చిన సంచి కాకపోతే, వాటిని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి వేయకండి. సంచులు ఏరే యంత్రాల ఇరుసులకు చుట్టుకుపోతాయి, యంత్రం ఆపి మనుషులు కత్తులతో కోసి తీయాల్సి వస్తుంది. పగిలిన గాజు గ్లాసు, ఓవెన్‌లో పెట్టే గాజు గిన్నె కూడా సీసాలతో కలపకూడదు, అవి కరిగే వేడి వేరు. షాపు రసీదులు కాగితంలా కనిపించినా చాలావరకు రసాయనపు పూత ఉన్నవే, మామూలు చెత్తలో వేయండి. జర్మనీలో గాజు సీసాలను వీధిలోని పెద్ద డబ్బాల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల వారీగా వేయాలి. ఆదివారం మాత్రం ఆ పని పెట్టుకోవద్దు, చప్పుడుకు చుట్టుపక్కలవారు ఊరుకోరు.

లారీ వచ్చే రోజు

సొంతంగా డబ్బాలున్న ఇంట్లో ముందురోజు రాత్రో, తెల్లవారుజామునో రోడ్డు అంచుకు తేవాలి. మూత పూర్తిగా మూసుకోవాలి, లారీ చేయి పట్టుకునేలా డబ్బాల మధ్య ఎడం ఉండాలి, ఖాళీ అయ్యాక అదే రోజు లోపలికి తెచ్చుకోవాలి. పండగ సెలవులున్న వారంలో రోజు మారుతుంది, క్యాలెండర్ చూడండి.

అపార్ట్‌మెంట్‌లో ఇబ్బంది వేరు. ఒకరు తప్పు చేస్తే డబ్బా మొత్తం మామూలు చెత్త కింద లెక్కకడతారు, ఆ అదనపు ఖర్చు అద్దెతో పాటు కట్టే మెయింటెనెన్స్‌లోకి ఎక్కి అందరి మీదా పడుతుంది. చెత్త గది నోటీసుబోర్డు మీద కోపంగా రాసిన చీటీలు కనిపించేది అందుకే. సియోల్‌లోని చాలా అపార్ట్‌మెంట్లలో ఈ గొడవే లేదు: కార్డు చూపితే యంత్రం మూత తెరుచుకుంటుంది, మీరు వేసినదాన్ని తూచి మీ ఖాతాలోనే రాసుకుంటుంది. అక్కడ నీళ్లు పిండకుండా వేస్తే నీటి బరువుకూ మీరే కట్టాలి.

ఏ డబ్బాలోకీ రానివి

బ్యాటరీలు ఏ డబ్బాలోనూ వేయకండి. లిథియం బ్యాటరీ లారీలో నలిగితే మంటలు లేస్తాయి, ఇలాంటి ప్రమాదాలు చాలా దేశాల్లో జరుగుతున్నాయి. ఐరోపాలో సూపర్‌మార్కెట్ల గుమ్మం దగ్గర వీటికి పెట్టెలుంటాయి. చక్రాల డబ్బా బొమ్మను అడ్డంగా కొట్టేసిన గుర్తు ఏ పరికరం మీదున్నా దాన్ని కూడా విడిగానే ఇవ్వాలి.

వాడిన నూనెను సింకులో పోయకండి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద మురుగు కాలువలో దాదాపు 250 మీటర్ల పొడవున, 130 టన్నుల కొవ్వు గడ్డ బయటపడింది. అలా పేరుకోవడానికి వంటిళ్లనుంచి వచ్చిన నూనెలు ఒక పెద్ద కారణం. చల్లారాక మూత ఉన్న సీసాలో పోసి నగర సేకరణ కేంద్రంలో ఇవ్వండి, కొద్దిగా ఉంటే కాగితంతో తుడిచేయండి.

పరుపులు, సోఫాలు, విరిగిన బల్లలు ఉచితమని రాసి వీధిలో పెట్టి వెళ్లడం కొన్ని ఊళ్లలో అలవాటే అయినా, చాలా నగరాల్లో అది జరిమానా పడే నేరం. నగరపాలక సంస్థకు ముందుగా చెబితే తేదీ ఇచ్చి వచ్చి తీసుకెళతారు. ఆ తేదీ దొరకడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది కాబట్టి, ఇల్లు మారుతున్నారని తెలిసిన రోజే బుక్ చేసుకోండి.