రౌటర్ లాగిన్ పేజీ తెరుచుకోవడం లేదా? రీసెట్ నొక్కే ముందు ఇవి చూడండి

వైఫై పాస్‌వర్డ్ మార్చాలనో, ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో చూడాలనో రౌటర్ పేజీ తెరవబోతాం. అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. చివరికి సైట్ దొరకలేదని వస్తుంది. అప్పుడు చాలామంది చేయి నేరుగా రౌటర్ వెనకున్న రీసెట్ రంధ్రం మీదికే పోతుంది.

దయచేసి ఆగండి. కొన్నేళ్ల క్రితం నేనూ అదే పని చేశాను. దాంతో నెట్ కనెక్షన్‌కు కావాల్సిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోయాయి. అవి రౌటర్‌లో తప్ప నా దగ్గర ఎక్కడా రాసి లేవు. రెండు రోజులు నెట్ లేకుండా గడిచింది. ఇంతా చేస్తే అసలు కారణం వేరు: నేను టైప్ చేసిన అడ్రస్ మా రౌటర్‌ది కానే కాదు.

ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. లాగిన్ పేజీ ఇంటర్నెట్‌లో ఉండదు, రౌటర్ లోపలే ఉంటుంది. నెట్ పూర్తిగా పోయినా ఆ పేజీ మామూలుగా తెరుచుకోవాలి. కాబట్టి మనం వెతకాల్సింది మన ఫోన్‌కు లేదా కంప్యూటర్‌కు, రౌటర్‌కు మధ్య దారి ఎక్కడ తెగిందన్నది మాత్రమే.

1. అడ్రస్ ఊహించకండి, అడిగి తెలుసుకోండి

192.168.1.1 అందరికీ నోటికి వచ్చిన అడ్రస్. కానీ అన్ని రౌటర్లూ దాన్ని వాడవు. 192.168.0.1 కావచ్చు, 10.0.0.1 కావచ్చు, మరేదైనా కావచ్చు. పైగా ఎవరైనా మార్చి ఉంటే రౌటర్ అడుగున స్టిక్కర్ మీద రాసింది కూడా పనికిరాదు. నమ్మదగిన జవాబు మీ చేతిలోని పరికరం దగ్గరే ఉంది, ఎందుకంటే అది రౌటర్‌తో రోజూ మాట్లాడుతూనే ఉంటుంది.

విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి, ఐపీకాన్ఫిగ్ (ipconfig) అన్న మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. వచ్చిన వరుసల్లో 'డిఫాల్ట్ గేట్‌వే' పక్కన ఉన్న అంకెలే మీ రౌటర్ అడ్రస్. ఐఫోన్‌లో వైఫై సెట్టింగ్స్‌కు వెళ్లి, కనెక్ట్ అయిన నెట్‌వర్క్ పక్కనున్న గుండ్రటి 'ఐ' గుర్తు నొక్కితే 'రౌటర్' అన్న చోట అదే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో మెనూలు ఫోన్‌ను బట్టి మారతాయి కానీ, కనెక్ట్ అయిన వైఫై వివరాల్లో 'గేట్‌వే' అని వెతికితే దొరుకుతుంది. మ్యాక్‌లో అయితే నెట్‌వర్క్ వివరాల్లో టీసీపీ/ఐపీ భాగం చూడాలి.

అక్కడే మీ పరికరం సొంత ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెలు) మీద కూడా ఒక చూపు వేయండి. అది 169.254తో మొదలైతే రౌటర్ మీ పరికరానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. అలాంటప్పుడు బ్రౌజర్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. వైఫై ఆపి మళ్లీ కనెక్ట్ చేయండి. కేబుల్ వాడుతుంటే దాన్ని తీసి గట్టిగా పెట్టండి. ఎప్పుడో చేత్తో పెట్టిన ఐపీ ఉంటే అది తీసేసి, అడ్రస్ దానంతట అదే వచ్చేలా మార్చండి.

2. నిజంగా ఆ రౌటర్‌కే కనెక్ట్ అయ్యారా?

ఫోన్‌తో ప్రయత్నించేవాళ్లు మొదట మొబైల్ డేటా ఆపేయాలి. వైఫైలో నెట్ లేదని గమనించగానే చాలా ఫోన్లు మనకు చెప్పకుండానే మొబైల్ డేటాకు మారిపోతాయి. పైన వైఫై గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, పేజీ మాత్రం రాదు. నెట్ పోయినప్పుడే కదా రౌటర్ పేజీతో పని పడేది, అందుకే ఇది తరచూ ఎదురవుతుంది.

వీపీఎన్ (మన నెట్‌ను వేరే సర్వర్ గుండా పంపే యాప్) ఉంటే అదీ ఆపండి. గెస్ట్ వైఫైలో ఉంటే మామూలు వైఫైకి మారండి. గెస్ట్ నెట్‌వర్క్ ఉన్నదే వచ్చిపోయేవాళ్లకు నెట్ ఇచ్చి రౌటర్ సెట్టింగ్స్‌ను దూరంగా ఉంచడానికి.

వీలుంటే కేబుల్‌తో కనెక్ట్ చేయడం అన్నిటికంటే మంచిది. ల్యాన్ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టండి. వ్యాన్ లేదా ఇంటర్నెట్ అని రాసి ఉన్న పోర్టు బయటి కనెక్షన్ కోసం. అందులో పెడితే లాగిన్ పేజీ సాధారణంగా రాదు.

3. బ్రౌజర్ అడ్డుపడుతోందేమో చూడండి

అంకెలను పైన అడ్రస్ బార్‌లోనే కొట్టాలి. అంకె ఒకటికి బదులు ఇంగ్లిష్ 'ఎల్', సున్నాకు బదులు 'ఓ' పడితే బ్రౌజర్ దాన్ని వెతకాల్సిన మాటగా తీసుకుంటుంది. సెర్చ్ ఫలితాలు కనిపించాయంటే టైపింగ్‌లో ఎక్కడో తప్పుందని గుర్తు.

ఇంకో చిక్కు ఉంది. ఇప్పటి బ్రౌజర్లు పేజీలను హెచ్‌టీటీపీఎస్ (https) అనే భద్రమైన పద్ధతితో తెరవడానికే ఇష్టపడతాయి, పాత రౌటర్లకేమో ఆ భద్రత లేని హెచ్‌టీటీపీ ఒక్కటే తెలుసు. అడ్రస్ ముందు http:// అని మీరే టైప్ చేసి చూడండి. కొన్ని కొత్త రౌటర్లకు దీనికి తిరగేసి, https:// అని ఉండాల్సిందే. అప్పుడు 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అన్న హెచ్చరిక రావచ్చు. రౌటర్ తన సర్టిఫికెట్‌ను (తానెవరో చూపే డిజిటల్ గుర్తింపు పత్రాన్ని) తానే తయారు చేసుకోవడం వల్ల అలా వస్తుంది. అడ్రస్ మీ గేట్‌వేదేనని సరిచూసుకున్నాక ముందుకు వెళ్లవచ్చు. ఇంటి బయట సైట్లలో మాత్రం అదే హెచ్చరికను ఎప్పుడూ దాటకండి.

కొన్ని కంపెనీలు అంకెల బదులు ఒక వెబ్‌సైట్ పేరు ఇస్తాయి. పేర్లను అంకెల అడ్రస్‌లుగా మార్చే ఏర్పాటును డీఎన్‌ఎస్ అంటారు. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టుకున్నా, వేరే డీఎన్‌ఎస్ వాడుతున్నా ఆ పేరు పనిచేయకపోవచ్చు. అంకెలే వాడండి. ఇన్‌కాగ్నిటో విండోలోనో ఇంకో బ్రౌజర్‌లోనో ఒకసారి ప్రయత్నించడానికి నిమిషం కూడా పట్టదు.

4. రౌటర్ పలుకుతోందా?

కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ (ping) అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి, రౌటర్ అడ్రస్ ఇవ్వండి. మిల్లీసెకన్లలో సమయం చూపిస్తూ జవాబులు వస్తే రౌటర్ వరకు దారి బాగానే ఉంది. అయినా పేజీ రాలేదంటే బ్రౌజర్ దగ్గరో, రౌటర్‌లో ఆ పేజీని నడిపే భాగం దగ్గరో ఇబ్బంది ఉంది. 'రిప్లై ఫ్రమ్' అని ఉండి, చివర 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని వస్తే మోసపోకండి. రౌటర్ దొరకలేదని మీ కంప్యూటరే చెబుతున్న మాట అది. కొన్ని రౌటర్లు పింగ్‌కు పలకవు కూడా, అందుకని జవాబు రాకపోతే కంగారు పడి రౌటర్ పాడైందనుకోవద్దు.

ఇప్పుడు రౌటర్‌ను రీస్టార్ట్ చేయండి. ప్లగ్ తీసి, అర నిమిషం ఆగి, మళ్లీ పెట్టండి. లైట్లు కుదురుకునే దాకా రెండు మూడు నిమిషాలు వదిలేయండి. రీస్టార్ట్ వల్ల సెట్టింగ్స్ ఏవీ పోవు. రీసెట్‌కూ దీనికీ ఉన్న తేడా ఇదే.

ఇంట్లో రెండు డబ్బాలు ఉంటే

నెట్ కంపెనీ ఇచ్చిన మోడెమ్ ఒకటి, మనం కొన్న రౌటర్ ఒకటి ఉన్న ఇళ్లలో అయోమయం ఎక్కువ. మీ వైఫై ఏ డబ్బా నుంచి వస్తోందో ముందు తేల్చుకోండి. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (మొదటి డబ్బా నెట్‌ను వైఫైగా పంచడం వరకే చేసేలా) పెట్టి ఉంటే దాని పాత అడ్రస్ మారిపోయి ఉండవచ్చు. అప్పుడు గేట్‌వే అంకెలు కొడితే మొదటి డబ్బా పేజీ వస్తుంది. అందులోకి లాగిన్ అయి, కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూస్తే రెండోదాని అడ్రస్ దొరుకుతుంది. రెండూ ఒకే అడ్రస్ పెట్టుకుని కూర్చుంటే వాటి మధ్య కేబుల్ తీసేసి, ఒకదానికి నేరుగా కనెక్ట్ అయి దాని అడ్రస్ మార్చాలి.

పేజీ వచ్చింది, పాస్‌వర్డ్ ఒప్పుకోవడం లేదు

వైఫై పాస్‌వర్డ్ వేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. స్టిక్కర్ మీద రెండూ ఉంటే ఏది దేనిదో జాగ్రత్తగా చదవండి. వరుసగా తప్పు కొడితే కొన్ని రౌటర్లు కాసేపు తాళం వేసుకుంటాయి. అలా అయితే పది పదిహేను నిమిషాలు ఆగండి. కంపెనీ ఇచ్చిన రౌటరైతే వాళ్ల కస్టమర్ కేర్‌ను అడగడమే సులువు.

రీసెట్ తప్పదనుకుంటే

ముందుగా కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కంపెనీని అడిగి కాగితం మీద రాసుకోండి. ఫైబర్ డబ్బా అయితే రీసెట్ చేయవచ్చా అని కూడా అడగండి. కొన్నిటిని మళ్లీ వాళ్లే సెట్ చేయాల్సి వస్తుంది. తర్వాత రౌటర్ ఆన్‌లో ఉండగానే సన్నటి పిన్నుతో రీసెట్ బటన్‌ను సుమారు పది సెకన్లు, లైట్లు మారేదాకా నొక్కి పట్టండి. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫైకి కలిపే) బటన్ వేరు, దాన్ని నొక్కితే రీసెట్ కాదు. కొన్ని మోడళ్లలో మాత్రం రెండు పనులూ ఒకే బటన్‌కు ఉంటాయి.

లోపలికి వెళ్లాక అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, కనెక్షన్ సరిచేసి, సెట్టింగ్స్‌కు బ్యాకప్ తీసుకునే వీలుంటే ఆ ఫైల్ దాచుకోండి. రౌటర్ అడ్రస్‌ను చిన్న కాగితం మీద రాసి దాని అడుగునే అంటించండి. పాస్‌వర్డ్ మాత్రం అక్కడ వద్దు.