పగుళ్ల రాతి బావిలోకి రసాయనం పంపే ముందు

రాతిలో చిక్కుకున్న చమురును వదిలించడానికి బావిలోకి పంపే రసాయనం సర్ఫాక్టెంట్. అది సబ్బుకు చుట్టమే కదా, దానికింత హడావుడి ఎందుకని చమురు బావుల పనిలో కొత్తగా చేరినవారు అడుగుతుంటారు. డ్రమ్ములో ఉన్నంతసేపు ఆ మాట కొంతవరకు నిజమే. బావిలోకి దిగాక అది ఏ రాతిని, ఏ నీటిని, ఏ తుప్పును తాకుతుందో చూసుకోకపోతే డబ్బు పోతుంది, ఒక్కోసారి ప్రాణమూ పోతుంది.

ముందు రాతి సంగతి. పగుళ్లున్న సున్నపురాయి, దానిలాంటిదే అయిన డోలమైట్ పొరల్లో పగుళ్లు దారి మాత్రమే. చమురులో అధిక భాగం వాటి మధ్యనున్న దిమ్మెల సన్నని రంధ్రాల్లో దాగి ఉంటుంది. అలాంటి రాయి చాలాచోట్ల చమురును అంటిపెట్టుకుని నీటిని దగ్గరకు రానివ్వదు. ఉత్త నీళ్లు పంపితే పగుళ్లవెంట పరుగెత్తి పక్క బావిలో తేలతాయి, దిమ్మెలోని చమురు ఉన్నచోటే ఉంటుంది. సర్ఫాక్టెంట్ ఆ రాతిని నీటివైపు తిప్పగలిగితే, దిమ్మె నీటిని పీల్చుకుని చమురును పగుల్లోకి నెడుతుంది. కాబట్టి పంపింగుకు ముందే ట్రేసర్ పరీక్ష (గుర్తుపట్టగల పదార్థాన్ని నీటితో పంపి, అది ఎక్కడ తేలుతుందో చూడటం) చేసి పగుళ్లు ఎటు పోతున్నాయో తెలుసుకోండి. లేదంటే మీ ఖరీదైన ద్రావణమూ నీళ్ల దారినే పోతుంది.

ఒక బావిలో పనిచేసిన మందును ఇంకో బావికి అలాగే రాసివ్వకండి. ఇసుకరాతి పైపొరకు సాధారణంగా ఋణావేశం ఉంటుంది, కనుక ధనావేశ సర్ఫాక్టెంట్లను అది పట్టేసుకుంటుంది. సున్నపురాతి విషయంలో చాలా సందర్భాల్లో ఇది తలకిందులు: ఋణావేశ రకాలే ఎక్కువగా అంటుకుపోతాయి. బాంబే హై సున్నపురాతికి కుదిరింది కృష్ణా గోదావరి బేసిన్ ఇసుకరాతికి కుదరకపోవడంలో వింత లేదు. ధనావేశ, ఋణావేశ రకాలను ఒకే ట్యాంకులో, కడగని ఒకే గొట్టంలో కలిపితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా మిగులుతాయి.

నీరు కూడా అంతే ముఖ్యం. కాల్షియం ఎక్కువగా ఉన్న రాతిపొర నీటిలోకి, సర్ఫాక్టెంట్‌తో పాటు వాడే సోడా యాష్ (సోడియం కార్బొనేట్) పంపితే రంధ్రాల్లోనే సున్నం గడ్డకడుతుంది. సర్ఫాక్టెంట్‌ను అసలు బావి నీటితో, అసలు చమురుతో, బావి అడుగునుండే ఉష్ణోగ్రత వద్ద సీసాలో కలిపి రోజుల తరబడి గమనించాలి. గది ఉష్ణోగ్రతలో తేటగా కనిపించిన నానయానిక్ (ఏ ఆవేశమూ లేని రకం) ద్రావణం వేడికి మబ్బుపట్టి విడిపోవచ్చు. ప్రయోగశాలలో స్వేదనజలంతో చేసిన పరీక్ష ఫలితం చూపించి సంతకం పెట్టమంటే పెట్టకండి.

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో కాటన్‌వుడ్ క్రీక్ అనే డోలమైట్ క్షేత్రం ఉంది. అక్కడ ఒక్కొక్క బావిలోకి నానయానిక్ సర్ఫాక్టెంట్ పంపి, సుమారు వారం మూసి ఉంచి, తర్వాత తిరిగి తోడారు. మొదట వాడిన 750 పీపీఎం (పది లక్షల భాగాల్లో 750 భాగాలు) చాలలేదు, రాయే చాలాభాగం పట్టేసుకుంది. దాన్ని 1,500కు పెంచి, ముందుగా చేస్తూ వచ్చిన ఆమ్లపు కడుగుడు మానేశాక ఫలితాలు మెరుగుపడ్డాయి. రాయి ఎంత మింగుతుందో లెక్కవేయకుండా గాఢత నిర్ణయించడం నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొదుపు.

ఆ ఆమ్లపు కడుగుడు దగ్గరే మనుషులకు అసలు ప్రమాదం. బావి గొట్టాల మీద పేరుకున్న ఐరన్ సల్ఫైడ్‌ను వదిలించడానికి 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం పంపుతారు. ఆ రెండూ కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అంతకుముందు బావిలో ఆ వాయువు జాడే లేకపోయినా సరే, తిరిగొచ్చే ద్రవంతో అది పైకి రావచ్చు. గాలికన్నా బరువైనది కాబట్టి గోతుల్లో, ట్యాంకుల పక్కన పల్లంలో నిలుస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే పారిపోదాంలే అనుకోకండి: 100 పీపీఎం దగ్గర్లో ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ఒంటి మీద వాయు డిటెక్టర్, చేతికందే దూరంలో శ్వాస పరికరం, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డగొట్టం, గాలి ఎటునుంచి వస్తోందో ఆ వైపున గుమిగూడే చోటు ఖాయమయ్యాకే వాల్వు తిప్పాలి. పడిపోయినవాణ్ణి లేపడానికి శ్వాస పరికరం లేకుండా పరుగెత్తినవాడు రెండో బాధితుడవుతాడు.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇసుకరాతి పనికి వాడేది. సున్నపురాతిలో వాడితే కాల్షియం ఫ్లోరైడ్‌గా పేరుకుని దారి మూస్తుంది. పైగా అది చర్మం మీద పడితే నొప్పి వెంటనే తెలియకపోవచ్చు, లోలోపల ఎముకదాకా పోతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ సిద్ధంగా లేనిచోట ఆ పీపా మూత తీయనివ్వకండి.

కలిపేచోట మిగతావి క్లుప్తంగా: ఎప్పుడూ నీటిలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు పోయకూడదు. నీటిని చిక్కబరిచే పాలిమర్ పొడి ఒలికితే నీళ్లు కొట్టకండి, నేల జారుడుబండ అవుతుంది, పొడిగా ఊడ్చాలి. గాఢ ధనావేశ సర్ఫాక్టెంట్ కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కనుక మామూలు కళ్లద్దాలు చాలవు. మిథనాల్ కలిసిన రకాలను నిప్పుకూ ఎండకూ దూరంగా ఉంచాలి. కళ్లు కడిగే కుళాయిని పనిరోజు ఉదయం మీరే తిప్పి చూడండి.

పంపాక తొందరపడకూడదు. దిమ్మె నీటిని పీల్చుకోవడానికి సమయం పడుతుంది, ఉత్పత్తి ఆగిందని పైనుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. నూనెకూ నీటికీ మధ్య తలతన్యతను మరీ అట్టడుగుకు దించే రకాన్ని ఎంచుకున్నా చిక్కే, రాయి నీటిని పీల్చుకునే బలం దాదాపు పోయి గురుత్వమే దిక్కవుతుంది.

బావి తెరిచిన మొదటి రోజుల్లో చమురు, నీరు విడిపోని చిక్కటి ఎమల్షన్ రావచ్చు. దాన్ని నేరుగా సెపరేటర్‌కు (చమురు, నీరు, వాయువులను వేరుచేసే పాత్రకు) పంపకుండా వేరే ట్యాంకులోకి మళ్లించి, ఆ ఎమల్షన్‌ను విడగొట్టే, ముందే పరీక్షించిన డీమల్సిఫైయర్ కలపాలి. విడిపోయిన నీటిని కాలువలోకో చెరువులోకో వదలకూడదు. వాడిన ప్రతి డ్రమ్ములోంచి ఒక సీసాడు నమూనా తీసి, బ్యాచ్ సంఖ్య రాసి, బావి మళ్లీ నిలకడగా పారేదాకా దాచి ఉంచండి.