సెలవుల్లో పనికి చేరేముందే ఆదివారం సంగతి తేల్చుకోండి

పరీక్షలు అయిపోగానే మన దగ్గర చాలామంది పిల్లలు ఏదో ఒక పనిలో చేరిపోతారు. తిరుపతిలో అయితే బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల హోటళ్ళు, లాడ్జీలు, షాపులు. చిత్తూరు వైపు అయితే మామిడి మండీలు, గుజ్జు ఫ్యాక్టరీలు. మందిరానికి, అంటే చర్చికి వెళ్ళే పిల్లలకు దీనికి తోడు ఇంకో టెన్షన్: వీబీఎస్‌లో (సెలవుల్లో చిన్నపిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు) టీచర్‌గా రమ్మని పాస్టర్ అయ్యగారు అడుగుతారు, యూత్ క్యాంపు ఉంటుంది, అవ్వ ఊరికి పోదామని అమ్మ అంటుంది. అన్నీ చేద్దామనుకుంటే ఏదీ సరిగ్గా కుదరదు. సెలవుల్లో ఎన్ని ప్రార్థన కూడికలకు వెళ్ళారన్నది నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను, పని చోటా ఇంట్లోనూ ఎలా ఉన్నారన్నదే చూస్తాను, కాబట్టి ఇక్కడ ఎక్కువ ఆ రెండింటి గురించే చెప్తున్నా.

మొదట ఆదివారం. తిరుపతిలో శని, ఆదివారాలే అసలు రద్దీ, పైగా వేసవి సెలవులు, కాబట్టి ఏ ఓనరూ ఆ రోజు లీవు సులభంగా ఇవ్వడు. చేరిన వారం తర్వాత అడిగితే మొహం మాడ్చుకుంటాడు, అది న్యాయమే కూడా. అందుకే జీతం మాట్లాడేటప్పుడే చెప్పేయండి: "అన్నా, ఆదివారం పొద్దున ప్రార్థనకు పోవాల, పదకొండుకల్లా వచ్చేస్తా, రాత్రి షాపు మూసేదాకా ఉంటా." ఆ చివరి మాట ముఖ్యం. మీరు అడిగేదానికి బదులు ఏమిస్తారో కూడా చెప్తే సగం మంది ఒప్పుకుంటారు. మీ సంఘంలో పొద్దున్నే మొదటి ఆరాధన ఉంటే ఇంకా సులభం. అయినా కాదంటే గొడవ పడకుండా ఇంకో షాపు చూసుకోండి, సీజన్‌లో పనివాళ్ళు అందరికీ కావాలి.

జీతం రోజు లెక్కా నెల లెక్కా, ఎప్పుడిస్తారు, భోజనం ఉందా లేదా, ఇవన్నీ మొదటిరోజే అడిగి చిన్న నోటుబుక్కులో రాసుకోండి, వెళ్ళిన రోజులు కూడా. ఆధార్ జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ మెమోలు, టీసీ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం, 18 నిండనివాళ్ళు ప్రమాదకరమైన పనులకు పోకూడదు, కాబట్టి ఇంట్లో తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని పోదామనుకునేవాళ్ళు ఆగండి. మన పిల్లల్లో ఒక మొహమాటం ఉంది, విశ్వాసులం కదా డబ్బుల గురించి గట్టిగా అడిగితే బాగుండదేమో అని. బైబిల్లో లేవీయకాండం 19:13 చూడండి, కూలివాడి కూలి తెల్లారేదాకా మీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. యాకోబు పత్రిక 5:4 అయితే ఇంకా ఘాటుగా ఉంటుంది. అడగండి, మర్యాదగా అడగండి, అంతే.

గుజ్జు ఫ్యాక్టరీకి పోవాలనుకునేవాళ్ళకు ఒక మాట. తోతాపురి మామిడి కోత ఊపందుకునేది జూన్‌లో, ఇంటర్ కాలేజీలు అప్పటికే తెరుస్తారు, కాబట్టి అది డిగ్రీ, బీటెక్ వాళ్ళకే కుదిరే పని. మేలో అయితే దామలచెరువు లాంటి మండీల్లో కాయలు గ్రేడింగ్ చేసే పని దొరుకుతుంది. ముచ్చిక విరిగినప్పుడు సొన చివ్వున చిమ్ముతుంది, మొహం మీద పడితే చర్మం కాలినట్టు నల్లమచ్చ పడుతుంది, అది తొందరగా పోదు. కాయను మొహానికి దూరంగా, ముచ్చిక అవతలివైపుకు ఉండేలా పట్టుకోండి. పొద్దున పోయే ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకోండి, నిండు చేతుల పాత చొక్కా వేసుకోండి, సీసాలో మజ్జిగ తీసుకెళ్ళండి.

ఇక పని చోట సాక్ష్యం, అంటే మన విశ్వాసం ఎదుటివాళ్ళకు కనబడేలా ఉండడం. తిరుపతిలో మీ దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కొండకు పోయే భక్తులు, గుండు చేయించుకుని పిల్లల్ని ఎత్తుకుని అలసిపోయి వస్తారు. వాళ్ళ చేతిలో కరపత్రం పెట్టే ఆలోచన మానుకోండి. తిరుమలలో ఇతర మతాల ప్రచారం చట్టరీత్యా నిషేధం, కింద షాపులో కూడా మీరు ఓనరు జీతం తీసుకుంటున్న టైమది. చిల్లర సరిగ్గా ఇవ్వండి, మర్చిపోయిన ఫోను దాచి పెట్టి ఇవ్వండి, పెద్దావిడ దారి అడిగితే విసుక్కోకుండా చెప్పండి. తోటి పనివాడు తనంతట తాను మీ గురించి అడిగితే అప్పుడు మాట్లాడొచ్చు.

బైబిల్ చదవడానికి పెద్ద ప్లాన్ వేసుకుంటే వారంలో ఆగిపోతుంది. సామెతల గ్రంథం 31 అధ్యాయాలు, మే నెలకు 31 రోజులు, తారీఖు చూసి ఆ అధ్యాయం చదవండి, ఒకరోజు తప్పితే వెనక్కి పోకండి. ఆదివారం సాయంత్రం రూతు గ్రంథం చదవండి, నాలుగే అధ్యాయాలు. అది కోతకాలం కథ, కూలిపని కథ, అత్తాకోడళ్ళ కథ. రూతు పొలంలో తను తినగా మిగిలింది దాచి అత్తకు తెచ్చి పెడుతుంది. ఆ చోట కాసేపు ఆగండి, మీరు జీతం రోజు ఇంటికి ఏం తెస్తారో ఆలోచించండి.

ఇంట్లో సంగతి దీనికన్నా కష్టం. పనినుంచి వచ్చి ఫోను పట్టుకుని పడుకుంటే, అమ్మ ఒక్కతే సంగటి కెలుకుతూ గిన్నెలు తోముతూ ఉంటే, ఆ రాత్రి మీరు పెట్టించే కుటుంబ ప్రార్థనకు విలువేముంటుంది? ముందు గిన్నెలు తోమండి. ప్రార్థన పది నిమిషాలు చాలు, ఒక పాట, నాలుగు వచనాలు. నాన్న రాకపోతే బలవంతం చేయొద్దు, ఆయన టీవీ సౌండు తగ్గిస్తే చాలనుకోండి.

మేలో తిరుపతిలో గంగమ్మ జాతర. మనలో చాలామంది చుట్టాలు ఇంకా హిందువులే, పెద్దమ్మ వాళ్ళు భోజనానికి పిలుస్తారు, పోవాలా వద్దా అని ఇంట్లో ఏటా ఇదే గొడవ. నా అభిప్రాయం, చుట్టాల ఇంటికి పోవడం మానొద్దు. బైబిల్లో అపొస్తలుడు పౌలు 1 కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాల్లో దీని గురించే రాశాడు: పెట్టింది అడగకుండా తినొచ్చు, ఇది దేవతకు అర్పించిందని ఎవరైనా చెప్తే తినకుండా ఉండాలి. "పెద్దమ్మా, అది వద్దులే, కొంచెం మజ్జిగ పోయి" అంటే ఆమె ఏమీ అనుకోదు. అక్కడ కూర్చుని వాళ్ళ దేవతను ఎగతాళి చేసే మన కుర్రాళ్ళంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

వీబీఎస్‌కు ఒప్పుకుంటే ఆ రోజుల లీవు కూడా చేరేటప్పుడే అడగండి. కుదరదంటే రాత్రిపూట కంఠత వాక్యాల చార్టులు రాసిస్తానని అయ్యగారికి చెప్పండి, ఆ పనికి మనిషి దొరకక టీచర్లు అవస్థ పడుతుంటారు. జీతం చేతికి రాగానే మందిరానికి ఇచ్చే కానుక విడిగా తీసి కవర్లో పెట్టండి, తర్వాత అమ్మకు, తర్వాత కాలేజీ ఫీజుకు. ఫోను చివర్లో.

మానేసేది వారం ముందే ఓనరుకు చెప్పండి, నోటుబుక్కు చూపించి లెక్క తేల్చుకోండి, అన్నీ బాగుంటే దసరా సెలవులకు పని ఉంటుందా అని కూడా అప్పుడే అడిగేయండి.