చలి గ్యారేజీలో ట్యూబ్‌లైటు సరిగ్గా వెలగాలంటే

చలికాలంలో గ్యారేజీలో స్విచ్ వేయగానే ట్యూబు కొట్టుకుంటూ ఉంటుంది. కొసలు ఎర్రబడతాయి, మధ్యలో మసక వెలుగు పాములా మెలికలు తిరుగుతుంది. వెంటనే కొత్త ట్యూబు కొనకండి. ఎండాకాలంలో బాగా వెలిగినదే అయితే, చాలావరకు ఆ చలికి చోక్ (ఫిట్టింగులో ఉండి ట్యూబును వెలిగించి, దానికి వెళ్లే కరెంటును అదుపు చేసే భాగం) సరిపోవడం లేదని అర్థం.

ట్యూబులో ఉన్న కాస్త పాదరసం ఆవిరైతేనే వెలుగు వస్తుంది. మామూలు ట్యూబు నిండుగా వెలగాలంటే చుట్టూ గాలి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, టీ5 అనే సన్నటి రకం ట్యూబుకి 35 కావాలి. అందుకే మూతలేని ఫిట్టింగులో టీ5 పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ముందు మెయిన్ ఆపేసి, ఫిట్టింగు రేకు విప్పి, చోక్ మీది లేబుల్ చదవండి. ఎంత చలి వరకు స్టార్ట్ అవుతుందో చాలా చోక్‌ల మీద రాసే ఉంటుంది. పాత ఇనుప చోక్‌లకు సాధారణంగా 10 డిగ్రీలు, ఎలక్ట్రానిక్ వాటికి 0 లేదా మైనస్ 18. మీ గ్యారేజీలో అతి చల్లటి రాత్రి ఎంతకు దిగుతుందో, అంతకన్నా తక్కువ అంకె ఉన్నదే తీసుకోండి. ట్యూబు రకం, వాట్లు కూడా అదే లేబుల్‌తో కలవాలి.

నేను గ్యారేజీలో చెక్కపని చేస్తాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను: ఇనుప చోక్ మీద వెలిగే ట్యూబు కంటికి తెలియకుండానే సెకనుకు 100 లేదా 120 సార్లు మినుకుతుంది. ఆ వెలుగులో గిర్రున తిరిగే రంపం బ్లేడు ఆగిపోయినట్టు కనిపించవచ్చు. మిషన్లు వాడేవాళ్లు ఎలక్ట్రానిక్ చోక్‌కి మారాల్సిందే.

ఇక గాలి. తలుపు సందు నుంచి వచ్చే ఈదర నేరుగా ట్యూబుకు తగిలితే వెలుగు ఇంకా పడిపోతుంది. ట్యూబుకు తొడిగే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం దొరుకుతుంది, అది వేస్తే ట్యూబు వేడి దాని చుట్టూనే నిలుస్తుంది. తేమ, దుమ్ము కలిసి పేరుకున్న పొర కూడా స్టార్ట్ అవడానికి అడ్డమే. చల్లారాక ట్యూబు తీసి పొడిగుడ్డతో తుడవండి, పిన్నులకు పట్టిన చిలుమూ గీకేయండి. ఫిట్టింగుకు ఎర్త్ తప్పనిసరి.

వెలిగాక పూర్తి కాంతికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఊరికే ఆపి వేస్తూ ఉంటే కొసలు నల్లబడి ట్యూబు త్వరగా పోతుంది.

చోక్ పూర్తిగా కాలిపోతే మాత్రం మళ్లీ చోక్ మీద డబ్బు పెట్టకండి, ఎల్ఈడీ వేయించండి. దానికి చలితో ఇబ్బంది లేదు. కొన్ని ఎల్ఈడీ ట్యూబులు చోక్‌తో నడుస్తాయి, కొన్నింటికి చోక్ తీసేసి వైరింగ్ మార్చాలి. వైరింగ్ మీద పట్టు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మార్చిన సంగతి ఫిట్టింగు మీద రాసి అంటించండి.

పాత ట్యూబులు చెత్తబుట్టలో వేయకండి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. పగిలితే తలుపు తెరిచి, అందరూ కాసేపు బయటికి వెళ్లండి. తర్వాత ముక్కలను గట్టి అట్టతో ఎత్తి, మూత బిగిసే సీసాలో వేయండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, పాదరసం గదంతా పరుచుకుంటుంది.